ఆట ఆమెది, తెర ఎవరిది?

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచెత్తింది. తండా జనం కట్టుబట్టలతో మిగిలారు. మరో రెండు రోజులకు, సెప్టెంబర్ 3న, పక్క జిల్లాలోని పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టి20 పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్య పతకం గెలిచింది. ఆ వారమంతా ఈ ప్రాంతపు ఫోన్లలో రెండు రకాల బొమ్మలు తిరిగాయి. ఒకటి నీళ్లలో మునిగిన ఇళ్లు, రెండోది జెండా కప్పుకున్న దీప్తి. మన వరంగల్ బిడ్డ అని రాసుకోని వాట్సాప్ గ్రూపు లేదు. కూలి పనులకు వెళ్లే ఆమె తల్లిదండ్రులు పత్రికల వాళ్లతో చెప్పుకున్న మాటలు కూడా ఆ సంబరాల మధ్యే వచ్చాయి. మేధో వైకల్యంతో పుట్టిన ఆ పిల్లను పిచ్చిదనీ, కోతి అనీ వెక్కిరించిన వాళ్లున్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చిన వాళ్లున్నారు. అదే సంవత్సరం మే నెలలో జపాన్‌లోని కోబెలో ఆమె 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత నోళ్లు మారాయి. సంతోషమే. కానీ పతకం రాకపోయి వుంటే ఆ నోళ్లు మారేవా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఆడే ఆడపిల్లను చూసే కళ్లు ఎప్పుడూ వున్నాయి. ఇప్పుడు ఆ కళ్ల సంఖ్య పెరిగింది, వాటికి జ్ఞాపకశక్తి వచ్చింది, వాటి చేతికి ఒక మీట దొరికింది. కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, గురుకులాలు తమ క్రీడా జట్ల గురించి వెబ్‌సైట్లలో, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ప్రచారం చేసుకోవడం మామూలైపోయింది. అమెరికాలో ఇది పెద్ద వ్యాపారం. అక్కడ విశ్వవిద్యాలయ జట్లకు సొంత వెబ్‌సైట్లు, వాటిని నడిపే ఉద్యోగులు, టికెట్ల అమ్మకాలు, లక్షల సంఖ్యలో అభిమానులు వున్నారు. 2021 జులై నుండి విద్యార్థి క్రీడాకారులు తమ పేరును, బొమ్మను ప్రకటనలకు ఇచ్చి డబ్బు సంపాదించుకునే వీలు కూడా వచ్చింది. మన దగ్గర ఆ హంగులేమీ లేవు. ఒక ఫోను, ఒక గ్రూపు అడ్మిన్, ఒక పేజీ వుంటాయి, అంతే. అయినా మూల ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే. ఆడే పిల్లకూ చూసే జనానికీ మధ్య వున్న తెర ఎవరి చేతిలో వుంది?

మరిపెడ వరంగల్-ఖమ్మం రహదారి మీద వున్న మండల కేంద్రం. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఈ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా ఆదివాసీ, లంబాడా కుటుంబాలే. ఇక్కడి డిగ్రీ కాలేజీలు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ప్రతి విద్యా సంవత్సరం అంతర్ కళాశాలల పోటీలు జరుగుతాయి. అందులో ఎంపికైన వాళ్లు విశ్వవిద్యాలయం జట్టులో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళతారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందాలు అన్నీ పెద్ద ఖర్చు లేని ఆటలు. పొలం పనికీ, నీళ్ల బిందెకూ, మైళ్ల నడకకూ అలవాటుపడిన తండా పిల్లల ఒంటికి ఇవి సులువుగా పట్టుబడతాయి. అయితే కాలేజీకి గ్రౌండు వుండాలి, నేర్పే పి.డి. వుండాలి, బట్టలు మార్చుకోవడానికి గది వుండాలి, పొద్దుపోయాక ఇంటికి చేర్చే బస్సు వుండాలి. గ్రామీణ కాలేజీల్లో ఈ నాలుగూ ఒకే చోట దొరకడం అరుదని అక్కడ పనిచేసే వాళ్లందరికీ తెలుసు.

ఇవేవీ లేని చోట కూడా ఫోటో మాత్రం తప్పకుండా వుంటుంది. మన ప్రాంతంలోని ఏ కాలేజీ పేజీనైనా తెరిచి చూడండి. అమ్మాయిల జట్టు గెలిచిన వార్తలో కప్పును కరస్పాండెంటు గారో, ప్రిన్సిపాలు గారో, ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడో పట్టుకుని మధ్యలో నిలబడి వుంటారు. ఆడిన పిల్లలు రెండు పక్కలా సర్దుకుని వుంటారు. బొమ్మ కింద పెద్దల పేర్లు, హోదాలు వరసగా వుంటాయి. పిల్లల పేర్లు వుండవు, లేదా 'మా విద్యార్థినులు' అనే ఒక్క మాటలో అందరూ కలిసిపోతారు. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారు, ఏ జట్టు మీద ఎంత తేడాతో గెలిచారు, తర్వాతి ఆట ఎప్పుడు, ఎక్కడ అన్న సంగతులు కనపడవు. ఆ బొమ్మే వచ్చే ఏడాది అడ్మిషన్ల ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. జట్టు అభిమానులను కూడగట్టే పని ఇది కాదు. అమ్మాయిల చెమటతో సంస్థ తన పేరు కడుక్కునే పని ఇది.

అభిమాని అనే మాటను కూడా కొంచెం ఆగి చూడాలి. అభిమానులు పుట్టరు, తయారుచేయబడతారు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక ప్రతి సాయంత్రం టీవీలో ఆట, ఆటగాళ్ల కథలు, వాళ్ల ఊళ్లు, వాళ్ల దెబ్బలు చూపించి చూపించి కబడ్డీకి కొత్త అభిమానులను తయారుచేశారు. తెలుగు టైటాన్స్ ఆటగాళ్ల పేర్లు గడగడా చెప్పే పిల్లలు మన పల్లెల్లో వున్నారు. మహిళలకు 2016లో మూడు జట్లతో కబడ్డీ చాలెంజ్ అని ఒకటి పెట్టారు. అది ఒక్క సీజనుతోనే ఆగిపోయింది. ఆ తర్వాత 'ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు' అనే మాట మళ్లీ మొదలైంది. చూపించకుండానే ఎవరూ చూడరని తేల్చడం పితృస్వామ్యానికి పాత అలవాటు. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను ఓడించి వన్డే ప్రపంచ కప్ గెలిచినప్పుడు కిక్కిరిసిన స్టేడియం ఈ మాటకు జవాబు చెప్పింది. ఆ జట్టులో కడప జిల్లా నుండి వచ్చిన శ్రీచరణి వుంది. అదే ఏడాది మొదట్లో పందొమ్మిదేళ్ల లోపు అమ్మాయిల టి20 ప్రపంచ కప్‌లో ఆ స్థాయిలో మొట్టమొదటి సెంచరీ కొట్టి, టోర్నమెంటులో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష భద్రాచలం పిల్ల. జ్ఞాపకం కూడా ఒక ఏర్పాటే. కల్లెడ నుండే 2008లో వర్ధినేని ప్రణీత విలువిద్యలో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. చేతిలో ఈ ఫోన్లు లేని రోజులవి. ఆమె పేరు ఈ తరంలో ఎంతమందికి గుర్తుంది?

కాబట్టి ఆడపిల్లల ఆటకు ప్రచారం కావాలి. ఇందులో మనకు సందేహం లేదు. సమస్య ఎక్కడంటే, ఒకే బొమ్మ అందరికీ ఒకే బొమ్మగా చేరదు. షార్ట్స్ వేసుకుని కూతకు వెళ్తున్న పిల్ల బొమ్మ స్నేహితురాలికి ఉత్సాహమిస్తుంది. అదే బొమ్మ పెళ్లి సంబంధాలు వెతుకుతున్న తండ్రికి కంగారు పుట్టిస్తుంది. అన్న పరువు పోయిందని అరుస్తాడు. బస్టాండులో కూర్చునే కుర్రాళ్లు దాన్ని కత్తిరించి, పాట జోడించి, స్టేటస్‌గా పెట్టుకుంటారు. కింద వ్యాఖ్యల్లో ఆట గురించి ఒక్క ముక్క వుండదు, తొడల గురించీ, రంగు గురించీ, కులం గురించీ వుంటుంది. ఇంట్లో వాళ్లు ఆ వ్యాఖ్యలు రాసిన వాళ్లను నిలదీయరు. పిల్లను ఆట మాన్పిస్తారు. ఇది దుర్మార్గులైన తల్లిదండ్రుల కథ కాదు. ఆడపిల్లకు ఏం జరిగినా తప్పు ఆమెదే అవుతుందని అనుభవంలో నేర్చుకున్న వాళ్ల భయం ఇది. నేరం ఒకరిది, శిక్ష మరొకరికి. మనకు ఈ సూత్రం అత్యాచారం కేసుల్లో, వరకట్నం కేసుల్లో బాగా పరిచయం.

ఇందులో ఇంకో అన్యాయం వుంది. తన బొమ్మ ఎక్కడెక్కడ తిరుగుతోందో చూసుకునే సాధనం కూడా చాలాసార్లు ఆ పిల్ల దగ్గర వుండదు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దాదాపు 27 శాతం, పురుషులు 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోను వుంటే అది అన్న జేబులో వుంటుందన్న సంగతి చెప్పడానికి సర్వే అక్కరలేదు. అంటే చూడబడేది ఆమె, చూసేది అతను. మాట్లాడేది కూడా అతనే. సినిమాలలో స్త్రీ శరీరం గురించి మన పత్రికలు రాసిన విమర్శ ఇప్పుడు కాలేజీ గ్రౌండు దాకా వచ్చింది. తేడా ఏమిటంటే సినిమా తారకు పారితోషికమైనా వుంటుంది, ఒప్పందమైనా వుంటుంది. ఈ పిల్లను ఎవరూ ఒక్క మాట కూడా అడగరు.

ఇదంతా పల్లెటూరి వెనుకబాటుతనం అనుకునే వాళ్ల కోసం అగసర నందిని విషయం చెప్పుకోవాలి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలో చదువుకున్న విద్యార్థిని ఆమె. తండ్రి టీ అమ్మి కుటుంబాన్ని పోషించాడు. 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాల పోటీ అయిన హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లు సాధించి కాంస్యం గెలిచింది. పశ్చిమ బెంగాల్‌కు చెందిన స్వప్నా బర్మన్ 5708 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మర్నాడే స్వప్న తాను ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ చేతిలో పతకం పోగొట్టుకున్నానని ట్విట్టర్‌లో రాసింది. తర్వాత ఆ రాతను తొలగించింది. ఆధారం చూపించమని నందిని అడిగింది. ఆధారమేదీ రాలేదు. కానీ అప్పటికే దేశమంతా ఆ పిల్ల ఛాతీని, దవడను, భుజాలను పరీక్షగా చూడడం మొదలుపెట్టింది. రెండు రోజుల పాటు ఏడు అంశాల్లో పోరాడి గెలిచిన పతకాన్ని సంబరంగా జరుపుకునే హక్కు రెండు వాక్యాలతో పోయింది.

ఇక్కడ స్వప్నను దుర్మార్గురాలిని చేసి చేతులు దులుపుకోవడం తేలిక. అది సరికాదు. ఆమె కూడా జల్‌పాయ్‌గురి దగ్గర రిక్షా తొక్కిన తండ్రి కూతురు. రెండు పాదాలకూ ఆరేసి వేళ్లతో, సరిపోయే బూట్లు కూడా దొరక్క పరిగెత్తి, 2018 ఆసియా క్రీడల్లో ఇదే పోటీలో స్వర్ణం తెచ్చింది. ఇద్దరు పేదింటి అమ్మాయిలు నాలుగు పాయింట్ల తేడాతో నిలబడినప్పుడు, ఓడిన అమ్మాయి చేతికి అందిన ఆయుధం ఏమిటన్నదే మనకు ముఖ్యం. 'ఆమె సరైన ఆడది కాదు' అన్నదే ఆ ఆయుధం. దాన్ని ఆమె తయారు చేయలేదు. ఆటల్లో స్త్రీలను శంకించే వ్యవస్థ దాన్ని దశాబ్దాలుగా నూరి పెట్టింది. ఆ మాటను నింద కింద వాడడం ట్రాన్స్‌జెండర్ స్త్రీలను కూడా అవమానించడమే. ఒక మనిషి ఉనికిని మరొకరికి తిట్టుగా మార్చే భాషను మనం ఒప్పుకోలేం.

ఆ ఆయుధానికి చరిత్ర వుంది. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన తమిళనాడు దళిత యువతి శాంతి సౌందరరాజన్ నుండి లింగ పరీక్ష పేరుతో పతకం లాగేసుకున్నారు. ఆ విషయం ఆమె కూడా టీవీలోనే తెలుసుకోవలసి వచ్చింది. 2014లో ఒడిశా చేనేత కుటుంబానికి చెందిన ద్యుతీ చంద్‌ను హార్మోన్ల పేరుతో కామన్వెల్త్ క్రీడల జట్టు నుండి తప్పించారు. ఆమె తలవంచలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015 జులైలో ఆ నిబంధనల అమలును నిలిపివేయించింది. హైదరాబాద్‌లో ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేష్ వరంగల్ ప్రాంతం వాడు, దీప్తికి కూడా గురువు. అయినా పరీక్షలు పోలేదు, రూపం మార్చుకున్నాయి. 2025 సెప్టెంబర్ నుండి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మహిళల విభాగంలో ప్రపంచ స్థాయి పోటీలకు వచ్చే ప్రతి ఒక్కరికీ జన్యు పరీక్షను తప్పనిసరి చేసింది. ఒకప్పుడు అధికారులు మూసిన తలుపుల వెనక చేసిన శంక ఇప్పుడు ఫోను పట్టుకున్న ప్రతివాడూ చేస్తున్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖలీఫ్‌కు జరిగింది అదే. నిర్ణయించిన కొలతకు లోబడని ఒళ్లు, పొట్టి జుట్టు, నల్లని చర్మం, కండ తిరిగిన భుజం వుంటే చాలు, ఆమె స్త్రీత్వానికి సాక్ష్యం తెచ్చుకోవాలి. మన తండా పిల్లలు రేపు రాష్ట్రస్థాయికి వెళితే ఎదురయ్యేది కూడా ఇదే చూపు.

శరీరం తర్వాత కులం. 2016 ఆగస్టులో పి.వి. సింధు రియో ఒలింపిక్స్‌లో ఆడుతుండగా రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం గూగుల్‌లో ఆమె కులమేమిటని వెతికిన సంగతి పత్రికల్లో వచ్చింది. గెలిస్తే మనవాళ్లు అని కలుపుకోవడానికి కులం. ఓడితే? 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మహిళల హాకీ జట్టు ఓడిన రోజు, దళిత క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు, హరిద్వార్ దగ్గర, టపాకాయలు కాల్చి కులం పేరుతో దూషించారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది. మన కాలేజీ పేజీల కింద వ్యాఖ్యల్లో తండా పేరు, ఇంటిపేరు పట్టుకుని చేసే వెటకారం కూడా ఈ గొలుసులోదే. లంబాడా అమ్మాయి, మాదిగ అమ్మాయి, ముస్లిం అమ్మాయి ఎదుర్కొనే మాటలు ఒకటి కావు. ముగ్గురినీ 'విద్యార్థినులు' అనే ఒక్క మాటలో కట్టేసి రక్షణ పథకం రాస్తే అది ఎవరికీ సరిపోదు.

లెక్కలు కావాలనే వారికి అవి కూడా వున్నాయి. టోక్యో ఒలింపిక్స్ సమయంలో 161 మంది అథ్లెట్ల ట్విట్టర్ ఖాతాలను పరిశీలించిన ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, వాళ్లను ఉద్దేశించిన దూషణల్లో 87 శాతం స్త్రీల మీదే వున్నాయని 2021 నవంబర్‌లో ప్రకటించింది. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్.సి.ఎ.ఎ. 2024లో చేయించిన అధ్యయనంలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలకు అబ్బాయిల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ బెదిరింపులు వచ్చాయని తేలింది. సొంత సిబ్బంది, వకీళ్లు వున్న చోట పరిస్థితి ఇది.

అయితే ఈ తెరను వదిలేసి ఆడపిల్లలు ఇంట్లో కూర్చోవాలా? ఈ ప్రశ్నకు అమెరికా కాలేజీ అమ్మాయే ఒక జవాబు ఇచ్చింది. 2021 మార్చిలో అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ పోటీల్లో అబ్బాయిలకు ఇండియానాపొలిస్‌లో విశాలమైన వ్యాయామశాల ఏర్పాటు చేశారు. అమ్మాయిలకు శాన్ ఆంటోనియోలో ఒక్క చిన్న స్టాండు మీద కొన్ని డంబెల్స్ పెట్టారు. స్థలం చాలలేదని సాకు చెప్పారు. ఓరెగాన్ విశ్వవిద్యాలయం జట్టులోని సెడోనా ప్రిన్స్ తన ఫోనుతో ఆ డంబెల్స్‌నూ, పక్కనే ఖాళీగా పడివున్న విశాలమైన హాలునూ చూపిస్తూ ఒక చిన్న వీడియో తీసి పెట్టింది. లక్షల మంది చూశారు. నిర్వాహకులు క్షమాపణ చెప్పి రోజుల్లోనే వ్యాయామశాల ఏర్పాటు చేశారు, స్వతంత్ర విచారణ కూడా వేయవలసి వచ్చింది. అంతవరకు మగపిల్లల పోటీలకే వాడుకున్న 'మార్చ్ మ్యాడ్‌నెస్' అనే పేరును 2022 నుండి అమ్మాయిల పోటీలకూ ఇచ్చారు. విద్యలో లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం అక్కడ 1972 నుండి వుంది. దాదాపు యాభై ఏళ్ల చట్టం చూడని తేడాను ఒక విద్యార్థిని ఫోను చూపించింది. మన కాలేజీల్లో గది లేని, నీళ్లు లేని, పి.డి. లేని స్థితిని అమ్మాయిలే చూపించగలిగితే ఏం జరుగుతుందో ఆలోచించండి.

మన దేశంలోనూ ఈ శక్తి కనిపించింది, దాని ప్రమాదమూ కనిపించింది. 2023 జనవరిలో మహిళా మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర లైంగిక వేధింపుల మీద గొంతు విప్పినప్పుడు వాళ్ల మాట దేశానికి చేరడంలో వాళ్ల సొంత ఖాతాలు పెద్ద పాత్ర వహించాయి. మే 28న పోలీసులు వాళ్లను ఈడ్చి వాహనాలెక్కించారు. గంటల్లోనే వినేష్, సంగీతా ఫోగట్‌లు పోలీసు బండిలో నవ్వుతున్నట్లు మార్చిన ఫోటో ఒకటి తిరిగింది. అసలు ఫోటోలో ఆ నవ్వులు లేవు. ఉద్యమం చేస్తున్న స్త్రీ ముఖం మీద లేని నవ్వును అతికించే సాంకేతికత ఇప్పుడు ప్రతి ఫోనులోకీ వచ్చింది. ఆ నవ్వు స్థానంలో మరేదైనా అతికించడానికి ఎంతసేపు పడుతుంది?

అందువల్ల మన వైఖరి రెండు తప్పుదారులకు దూరంగా వుండాలి. మొదటిది, 'అమ్మాయిల బొమ్మలు పెట్టకండి, వాళ్లకు ఫోన్లు ఇవ్వకండి' అనే రక్షణ వాదం. పాత పరదానే ఇది కొత్త పేరుతో తెస్తుంది. గురుకులాల్లో, హాస్టళ్లలో ఈ వాదం అమ్మాయిల చేతిలోని ఫోను లాక్కోవడంతో మొదలై, పోటీలకు పంపకపోవడంతో ముగుస్తుంది. రెండోది, 'చూసే వాళ్లు ఎక్కువైతే అంతా బాగుంటుంది' అనే మార్కెట్ వాదం. అభిమానుల సంఖ్యే కొలమానమైతే ఎక్కువ మంది చూసేది ఎవరిని? మార్కెట్ అందమనుకునే ఒంటినే చూస్తారు. ఆట బాగా ఆడే నల్లటి పిల్లను ఫోటోలో వెనక్కి నెట్టి, తెల్లగా వున్న రిజర్వు పిల్లను ముందుకు తెచ్చే పద్ధతికి ఇదే దారి. స్త్రీలు కనపడడం, కనపడకపోవడం అన్నది అసలు సమస్య కాదు. ఎలా కనపడాలో, ఎంత కనపడాలో, ఎప్పుడు వద్దనాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే సమస్య.

ఆ అధికారం కోసం మనం అడగవలసినవి పెద్ద కోర్కెలేమీ కావు. ఫోటో, వీడియో పెట్టే ముందు అమ్మాయి అనుమతి వుండాలి. ఆ అనుమతి అడ్మిషన్ ఫారంలో ఒకసారి పెట్టించుకునే సంతకం కాకూడదు. తర్వాత వద్దంటే తీసేయాలి. వద్దన్నందుకు జట్టులోంచి తీసేయకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వ్యక్తిగత సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఇంటర్ కాలేజీలు, గురుకుల పాఠశాలలు దీన్ని ఇప్పటినుండే గుర్తుంచుకోవాలి. అయితే తండ్రి సంతకం పిల్ల ఇష్టానికి బదులు కాకూడదని కూడా మనమే పట్టుబట్టాలి. జట్టు పేజీని నడిపే బాధ్యత జట్టులోని అమ్మాయిలకే ఇవ్వాలి. ఆట వివరాలు, పేర్లు, పాయింట్లు వాళ్లే రాయాలి, కావాలంటే లంబాడీలో మాట్లాడి పెట్టాలి. వ్యాఖ్యలు చూసి, తొలగించి, ఫిర్యాదు చేసే పని మాత్రం కాలేజీది. ఆ తిట్లు చదివే భారం మళ్లీ పిల్లల మీదే వేయకూడదు. ఊరి పేరు, హాస్టల్ పేరు, ప్రయాణ వివరాలు, ఫోను నంబర్లు పెట్టకూడదు. ఏ బట్టలతో ఆడితే ఒంటికి సుఖమో అదే ఆట దుస్తులు కావాలి, చూసే వాళ్ల కోసం పొడుగూ వద్దు, పొట్టీ వద్దు.

చట్టాల సంగతి మన కార్యకర్తలకు తెలిసివుండాలి. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థలను, స్టేడియాలను, పోటీలు జరిగే చోట్లను కూడా పని స్థలంగానే చెప్పింది. 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం విద్యార్థినులు కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లవచ్చు. మరి మన కాలేజీల్లో ఆ కమిటీ గోడమీద బోర్డుగా వుందా, పనిచేస్తోందా? దేశస్థాయి క్రీడా సమాఖ్యల్లోనే చాలావాటికి సరైన కమిటీలు లేవని 2023 మే నెలలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు ఇచ్చిందంటే మండలస్థాయి మాట చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్‌లో వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఒకరి ఆంతరంగిక శరీర భాగాల బొమ్మను అనుమతి లేకుండా తీయడం, పంచడం సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షన్ కింద నేరం. మార్ఫింగ్ చేసిన అశ్లీల బొమ్మల మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే గంటల్లోనే తొలగించవలసిన బాధ్యత 2021 నిబంధనలు ఆయా సంస్థల మీద పెట్టాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు వుంది. షీ టీములు 2014లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు వచ్చాయి. ఎవరికి ఫిర్యాదు చేసినా ముందు బొమ్మను, వ్యాఖ్యను, తేదీతో సహా తెర మీద వున్నది వున్నట్లు ఫోటో తీసి దాచుకోవాలి. తీసేయించాలనే తొందరలో సాక్ష్యం పోగొట్టుకోవద్దు. కులం పేరుతో దూషణ వుంటే ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టాన్ని కూడా చేర్చమని పట్టుబట్టాలి. పోలీసులు తమంతట తాము చేర్చరు.

చట్టం ఒక్కటే చాలదని మన ముప్పై నలభై ఏళ్ల అనుభవం చెబుతోంది. సారా వ్యతిరేక ఉద్యమంలో పల్లె స్త్రీలు గెలిచింది కాగితం మీది సెక్షన్లతో కాదు, గుంపుగా నిలబడి. ఒక అమ్మాయి బొమ్మ కింద బూతు రాసినప్పుడు జట్టు మొత్తం, కాలేజీ అమ్మాయిలంతా, ఊళ్లోని మహిళా సంఘం కలిసి నిలబడితే ఆ రాసిన వాడు ఒంటరి అవుతాడు. ఇప్పుడు ఒంటరి అవుతున్నది ఆ అమ్మాయి. మరిపెడ లాంటి చోట స్వయం సహాయక సంఘాలు వున్నాయి, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు వున్నారు, వాళ్లకు ప్రతి తండాలో దారి వుంది. ఆట మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి ఎందుకు మానేసిందని అడిగే మనిషి కావాలి. ఆమె తల్లిని గ్రౌండుకు తీసుకువచ్చి కూతురు ఆడే ఆట చూపించే మనిషి కావాలి. కూతురు కూతకు వెళ్లి ముగ్గురిని తాకి వస్తుంటే కేకలు వేసే తల్లికి మించిన అభిమాని ఏ జట్టుకు వుంటుంది? ఆ తల్లి ఒకసారి చూశాక, అన్న ఫోనులో వచ్చే వెకిలి మాటకు ఇంట్లోనే జవాబు దొరుకుతుంది.

ఈ విద్యా సంవత్సరం అంతర్ కళాశాలల పోటీలు జరిగేటప్పుడు మన సంఘాలు ప్రతి కేంద్రంలో రెండు పనులు పెట్టుకోవాలని కోరుతున్నాం. మొదటిది, మీ దగ్గరి కాలేజీల పేజీల్లో అమ్మాయిల జట్ల గురించి ఏం పెడుతున్నారు, ఎవరి పేర్లు వున్నాయి, ఎవరివి లేవు, కింద ఏం రాస్తున్నారు అన్నది మూడు నెలలు గమనించి రాసుకోండి. రెండోది, జట్టు అమ్మాయిలతో కూర్చుని వాళ్లకు ఏం కావాలో, ఏం వద్దో వాళ్ల మాటల్లోనే వినండి. వాళ్లు మనం అనుకున్నది చెప్పకపోవచ్చు. కొందరు తమ వీడియోలు ఇంకా ఎక్కువ మంది చూడాలనీ, తమకూ అభిమానులు కావాలనీ అంటారు. అది కూడా హక్కే. వాళ్లు చెప్పింది ప్రిన్సిపాలు దగ్గరికి, విశ్వవిద్యాలయం క్రీడా విభాగం దగ్గరికి రాతపూర్వకంగా తీసుకువెళ్లండి, వచ్చిన జవాబును మాకు రాయండి. వచ్చే సంచికల్లో వాటికి చోటు ఇస్తాం. అమ్మాయిల పేర్లు వేయాలా వద్దా అన్నది మాత్రం వాళ్లనే అడిగి రాయండి.